సేద్యపు కుంటా, చెక్‌డ్యామా?

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ నీటిని ఎక్కడ ఆపాలి? పొలంలో తవ్వే కుంటలోనా, వాగుకు అడ్డంగా కట్టే చిన్న గోడ, అంటే చెక్‌డ్యామ్ దగ్గరా?

ఖర్చు: కుంటను ఉపాధి హామీలో తవ్వించుకోవచ్చు. చెక్‌డ్యామ్‌కు రాయి, సిమెంటు, ఇంజనీరు అంచనా కావాలి.

భూమి: కుంటకు సొంత పొలం కొంత పోతుంది, ఎకరం రైతుకు అది చిన్న నష్టం కాదు. చెక్‌డ్యామ్ వాగులోనే ఉంటుంది.

శ్రమ: కుంటలో పూడిక తీయడం మీ పని. చెక్‌డ్యామ్‌ది ఊరందరి పని. ఆ ఒప్పందం కుదరకుండా దయచేసి కట్టకండి. పైన కొండవాలులో కందకాలు తవ్వకపోతే రెండూ త్వరగా పూడిపోతాయి.

ప్రమాదం: కుంటకు కంచె తప్పనిసరి, పిల్లలు తిరిగే చోటు. చెక్‌డ్యామ్ పక్కగట్లు వరదకు కోతపడతాయి.

వాగుకు దూరంగా, ఊడలు దిగే వేళ వేరుశనగకు ఒక్క తడి కావాలంటే కుంట. ఎర్రనేలలో నీరు ఇంకిపోకుండా కుంట అడుగున ప్లాస్టిక్ పరదా వేయాలి. వాగు పక్క బావులు, బోర్లు ఎండుతుంటే చెక్‌డ్యామ్.