మార్ఫాలో డొనాల్డ్ జడ్: పెట్టెలకు ఒక రోజు, కుర్చీలకు ఒక రోజు

పెట్టెల్లాంటి శిల్పాలకు, ఫర్నిచర్‌కు పేరుపొందిన అమెరికన్ కళాకారుడు డొనాల్డ్ జడ్ స్థిరపడిన ఊరు మార్ఫా. అది టెక్సాస్ పడమటి కొసన ఎడారిలో ఉంది. ఎల్ పాసోలో విమానం దిగి కారు అద్దెకు తీసుకోవడమే తేలిక. దారి సుమారు 310 కిలోమీటర్లు, మూడు గంటలు పడుతుంది. వాన్ హార్న్ అనే ఊరి దాకా ఐ-10 హైవే, అక్కడి నుంచి యూఎస్-90 హైవే. పెట్రోలు వాన్ హార్న్‌లోనే నింపుకోవాలి, ఆ తర్వాత 120 కిలోమీటర్లలో వాలంటైన్ అనే చిన్న ఊరు తప్ప ఏమీ తగలదు. చాలామంది పప్పులో కాలేసేది గడియారం దగ్గర. ఎల్ పాసో టైము మార్ఫా కంటే గంట వెనక ఉంటుంది. మార్ఫాలో టూరు 10 గంటలకు మొదలవుతుంది కదా అని అక్కడ ఉదయం 7కి బయల్దేరితే, చేరేసరికి మార్ఫాలో 11 అయిపోతుంది. ముందు రోజు సాయంత్రానికే చేరడం మేలు.

వాలంటైన్‌కి కాస్త ముందే రోడ్డు పక్కన ప్రాదా మార్ఫా కనిపిస్తుంది. ప్రాదా అనే ఫ్యాషన్ బ్రాండ్ పేరుతో కళాకృతిగా 2005లో కట్టిన, తలుపు తెరుచుకోని ఉత్తుత్తి కొట్టు అది. దానికి పది నిమిషాలు చాలు.

జడ్ కోసం వెళ్లేవాళ్లు రెండు సంస్థల్లో విడివిడిగా బుక్ చేసుకోవాలి. శిల్పాలున్నది చినాటి ఫౌండేషన్‌లో. ఆయన ఇల్లు, స్టూడియోలు, కుర్చీలు, మంచాలు జడ్ ఫౌండేషన్ చేతిలో ఉన్నాయి. ఒకదాని టికెట్ రెండోదానికి చెల్లదు. ఫర్నిచర్ కోసమని వచ్చి చినాటి ఒక్కటే బుక్ చేసుకుంటే సగం పని మిగిలిపోయినట్టే. వారం మొదట్లో ఊళ్లో చాలా తలుపులు మూసే ఉంటాయి కాబట్టి గురువారం నుంచి ఆదివారం మధ్య పెట్టుకోండి.

చినాటిలో ఒక్కటే చూసే వీలుంటే 100 అల్యూమినియం పెట్టెలు చూడండి. 1982 నుంచి 1986 దాకా చేసినవి ఇవి. సైన్యం వదిలేసిన రెండు ఫిరంగి షెడ్లలో 52, 48 చొప్పున ఉన్నాయి. బయటి కొలత అన్నిటికీ ఒక్కటే: 104 × 130 × 183 సెం.మీ. లోపలి అమరిక మాత్రం ఏ రెండిటికీ ఒకేలా ఉండదు. షెడ్ల పాత చదును కప్పులు కారుతుంటే జడ్ వాటి మీద సగం గొట్టంలాంటి రేకు కప్పు వేయించాడు, పక్కన గ్యారేజీ తలుపుల స్థానంలో పెద్ద కిటికీలు పెట్టించాడు. అందుకే పొద్దున బూడిద రంగులో కనిపించిన పెట్టె సాయంత్రానికి సగం మాయమైనట్టుంటుంది. వేళ్లు తగిలితే ఆ లోహం మీద మరక ఉండిపోతుంది, కాబట్టి సంచులు అటూ ఇటూ ఊగకుండా చూసుకోవాలి. గోడల మీద జర్మన్ అక్షరాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ జర్మన్ ఖైదీలను ఉంచారు.

బయట గడ్డిలో కిలోమీటరు పొడవునా 15 కాంక్రీటు పెట్టెల గుంపులున్నాయి. ఒక్కో పెట్టె 2.5 × 2.5 × 5 మీటర్లు, పలకల మందం 25 సెం.మీ. నీడ అన్నది లేదు, పాములుంటాయి. బాట వదలకుండా, ఎండ ముదరకముందే నడిచి రావాలి.

ఇంటీరియర్ పని చేసేవాళ్లకు అసలు సరుకు రెండో రోజు దొరుకుతుంది. ‘ది బ్లాక్’ అంటే ఎత్తైన మట్టి ఇటుకల గోడ లోపల జడ్ నివసించిన చోటు. శిల్పాన్ని బల్లగా మారిస్తే బల్ల కాదని ఆయన స్వయంగా ఓ కాఫీ టేబుల్ పాడుచేసుకుని తెలుసుకున్నాడు. అప్పట్నుంచి కుర్చీని కుర్చీగానే చూశాడు. మార్ఫాలో పిల్లల మంచం చేసినప్పుడు, కలప అడితిలోనే కోసి ఇవ్వగలిగేలా కొద్ది కొలతలే పెట్టుకున్నాడు. ఇంటికి తెచ్చి మేకులు కొట్టడమే మిగిలిన పని. ఇప్పటి ‘మినిమల్’ ఫర్నిచర్‌లో సగానికి మూలం ఆ అడితి లెక్కే. జడ్‌కి మాత్రం ‘మినిమల్’ అన్న మాటంటేనే గిట్టేది కాదు.

ఆయన కుర్చీని కాపీ కొట్టేవాళ్లు బోల్తా పడేది ఎత్తు దగ్గర. వెడల్పు 38, లోతు 38, మొత్తం ఎత్తు 76 సెం.మీ. సీటు సరిగ్గా సగంలో ఉంటుంది. మామూలు భోజనాల కుర్చీ సీటు 45 దాకా ఉంటుంది కాబట్టి, దీన్ని 75 సెం.మీ. బల్ల ముందు వేస్తే మోచేతులు పైకి లేస్తాయి. అప్పుడు వడ్రంగి సీటు ఒక్కటీ పైకి జరిపితే వీపు పొట్టిదై కుర్చీ స్టూలులా తేలుతుంది. పెంచదలిస్తే అన్నీ పెంచాలి: 45, 45, 90.

కలపది ఇంకో తంటా. వెడల్పాటి పైన్ పలక రుతువుని బట్టి అడ్డంగా ఉబ్బి, కుంచించుకుపోతుంది. నాలుగు వైపులా నార (కలపలోని గీతలు) ఒకే దిశలో చుట్టి వచ్చేలా పెడితే అన్నీ కలిసి కదులుతాయి. వెనక పలకని నార అడ్డంగా పెట్టి మొత్తం జిగురుతో బిగిస్తే మాత్రం ఏడాది తిరక్కుండానే పగులు. ప్లైవుడ్‌కి ఈ బాధ లేదు. కాకపోతే అంచుకి టేపు అంటించొద్దు, పొరలు కనబడటంలోనే దాని అందం ఉంది.

గోడ అరలకు, ఆయన గోడ మీద ఒకదానిపై ఒకటిగా బిగించిన పెట్టెల నిలువు వరుసల లెక్క పనికొస్తుంది. పెట్టె ఎత్తు 23 సెం.మీ., మధ్య ఖాళీ కూడా అంతే. పది పెట్టెలకు 4.3 మీటర్లకు పైగా గోడ కావాలి. 2.4 మీటర్ల గదిలో ఐదు పడతాయి, 2.07 మీటర్లు తీసుకుంటాయి. ఆరోది ఇరికించాలని ఖాళీలు తగ్గిస్తే అది మామూలు పుస్తకాల అలమరా అయిపోతుంది.

బస విషయానికొస్తే, 1930 నాటి హోటల్ పైసానో ఊరి నడిబొడ్డున ఉంది, అన్ని చోట్లకీ నడిచి వెళ్లొచ్చు. పట్టాలు ఊరి మధ్యగానే పోతాయి కాబట్టి తేలిగ్గా మెలకువ వచ్చేవాళ్లు రైలు వైపు కాని గది అడగాలి. ట్రైలర్లు, గుడారాల బస ఫోటోలకు బాగుంటుంది, కానీ ఊరు 1,400 మీటర్ల ఎత్తున ఉండటంతో వేసవిలోనూ రాత్రి చలేస్తుంది. అక్టోబరులో చినాటి వీకెండ్ అనే ఉత్సవానికి ఊరంతా నిండిపోతుంది, పెట్టెల ముందు తీరిగ్గా నిలబడటం కుదరదు.

ఇంత దూరం రాలేనివాళ్లు న్యూయార్క్‌లో 101 స్ప్రింగ్ స్ట్రీట్ చూడొచ్చు. 1968లో జడ్ కొన్న అయిదంతస్తుల పోత ఇనుప భవనం అది. గైడుతో చిన్న గుంపులుగానే పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి. ఒక్కో అంతస్తుకి ఒక్కో పని: వంట, స్టూడియో, నిద్ర. శిల్పాల మాట పక్కన పెట్టి ఫర్నిచర్ ఒక్కటే చూడాలంటే, ఇదే చవకైన దారి.