పద్దెనిమిదేళ్ల వాడకం తర్వాత మా పురపాలక సేవలు

ఫ్యాను కొన్న వారానికే దాని మీద సమీక్ష రాసే మనం, పూటపూటా వాడుతూ ఏటా డబ్బు కడుతున్న పురపాలక సేవల మీద మాత్రం రాయం. తిట్టుకుని ఊరుకుంటాం. పద్దెనిమిదేళ్లుగా నేను ఒకే చిన్న నగరంలో, ఒకే ఇంట్లో ఉంటున్నాను. పన్ను రశీదులన్నీ ఒక సంచిలో పడి ఉన్నాయి. ఈ మాత్రం రాసే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు నీళ్ల సంగతి. మొదటి ఎనిమిదేళ్లు మాకు మీటరు లేదు. ఎంత వాడినా నెలకు ఒకే మొత్తం. మీటర్లు బిగిస్తామన్నప్పుడు వీధి వీధంతా కాదంది, అందులో నా గొంతే పెద్దది. బిగించిన మూడో నెల బిల్లు చూసి, మీటరే తప్పుగా తిరుగుతోందని ఫిర్యాదు రాశాను. వచ్చిన సిబ్బంది నాతో వాదన పెట్టుకోలేదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయమని, మీటరు మూత ఎత్తి, అంకెల పక్కనున్న గోరంత చక్రాన్ని చూపించారు. అన్నీ కట్టేసి ఉన్నా అది తిరుగుతూనే ఉంది, నింపాదిగా, ఎవరితోనూ పని లేనట్టు. చివరికి తేలిందేమిటంటే, ఫ్లష్ ట్యాంకులో రబ్బరు వాషరు అరిగిపోయి నీళ్లు చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 20 లీటర్లు దాటుతుంది. మా ఇంట్లో పోతున్నది సన్నని ధార. ఆ వాషరు ఎప్పుడు అరిగిందో తెలియదు. మీటరు లేని రోజుల్లో పోయిన నీళ్ల ఖర్చు మాత్రం మా పొరుగువాళ్లందరూ తలా కాస్త మోశారన్నమాట.

ఆ సిగ్గుతోనే నగర బడ్జెట్ పుస్తకం చదవడం మొదలుపెట్టాను. శుద్ధి చేసి పంపిన నీటికీ, బిల్లు వేసిన నీటికీ మధ్య తేడాను అందులో 'ఆదాయం రాని నీరు' అంటారు. గొట్టాల లీకులు, దొంగ కనెక్షన్లు, అరిగిన మీటర్లు అన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి. మీటరు పాతబడితే ఎక్కువ తిరుగుతుందని మన భయం. యాంత్రిక మీటర్లు అరిగేకొద్దీ మామూలుగా తక్కువే చూపిస్తాయి. రెండేళ్ల తర్వాత నీటి ధర పెంచినప్పుడు మళ్లీ మండిపడ్డాను. పొదుపు చేసినందుకు ఇదా బహుమతి? కానీ శుద్ధి కేంద్రంలో జీతాలు, గొట్టాలు వేసినప్పటి అప్పు మీద వడ్డీ మనం తక్కువ వాడామని తగ్గవు. నీటి సరఫరాలో ఖర్చు ఎక్కువ భాగం ఇలా స్థిరంగా ఉండేదే. ఊరంతా పొదుపు చేస్తే ఆదాయం పడిపోతుంది, లీటరు ధర పెరుగుతుంది. చిన్న నగరానికి ఇది మరీ బరువు, ఎందుకంటే ఖర్చును పంచుకునే ఇళ్లే తక్కువ. కోపం తగ్గలేదు గానీ, ఎవరి మీద పడాలో తెలియక ఆగిపోయింది.

వీధి దీపాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పసుపు రంగు సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు ఖర్చు బాగా తగ్గింది. ఇప్పుడు దీపం ఆరిపోవడం అరుదు. పట్టపగలు వెలుగుతూ ఉండటమే కొత్త జబ్బు. ఫిర్యాదులో స్తంభం మీది నంబరు రాయండి, రెండు రోజుల్లో వస్తారు. 'మా సందు చివర' అని రాస్తే ఎవరూ రారు.

చెత్త మాటకొస్తే, పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఎంత పారేసినా రుసుము ఒకటే. దక్షిణ కొరియా 1995లోనే చెత్త పరిమాణాన్ని బట్టి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ నిర్ణీత సంచి కొని అందులోనే వేయాలి. మా దగ్గర గుత్తేదారుకు టన్నుల లెక్కన చెల్లించేవారు. బరువుకు డబ్బొచ్చేవాడికి తడి, పొడి వేరు చేస్తే ఏం లాభం? నేను శ్రద్ధగా వేరు చేసి ఇచ్చిన రెండు బుట్టలూ నా కళ్ల ముందే ఒకే బండిలో కలిసిపోయేవి. ఒప్పందంలో ఇళ్ల లెక్కన చెల్లింపు అని మార్చాక కాస్త దారికొచ్చింది. అసలు గుత్తకివ్వడమే తప్పని నేననను. అమెరికాలో శాండీ స్ప్రింగ్స్ అనే నగరం 2005లో ఏర్పడుతూనే దాదాపు అన్ని పనులూ ప్రైవేటు సంస్థకు అప్పగించి పేరు తెచ్చుకుంది. పోలీసు, అగ్నిమాపక శాఖలు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. 2019లో లెక్క చూసుకుని, సొంత ఉద్యోగులతోనే చవక అని చాలా పనులు వెనక్కి తీసుకుంది. ఎవరు చేస్తున్నారన్నదానికంటే, లెక్క మళ్లీ చూసేవాళ్లు కార్యాలయంలో ఉన్నారా లేదా అన్నదే నాకు ముఖ్యం.

అన్నిటికంటే నన్ను విసిగించింది మా వీధి మలుపులోని వాల్వు. గుంత మీద సిమెంటు పలక పగిలి, లోపల వాల్వు చుట్టూ నీళ్లు ఊరుతూ ఉండేవి. నాచు పట్టింది, కప్పలు చేరాయి. ఆ నీళ్లే రోడ్డు కిందికి దిగి, తారు కుంగి, మోకాలి లోతు గుంత పడింది. పద్నాలుగు నెలలు, ఆరు ఫిర్యాదులు. ఆ పద్నాలుగు నెలల్లోనే అక్కడికి కూతవేటు దూరంలో కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు లేచింది. రంగులు, శిలాఫలకం, ప్రారంభోత్సవం అన్నీ అయ్యాయి. ట్యాంకుకు డబ్బుండి వాల్వుకు లేకపోవడమేమిటని ఇంజనీరు గారిని అడిగితే ఆయన నవ్వేశారు. "ట్యాంకు పై ప్రభుత్వం గ్రాంటండీ. కొత్త కట్టడానికే వాడాలి. వాల్వు మన సొంత ఆదాయంలోంచి రావాలి" అన్నారు. సొంత ఆదాయమంటే ప్రధానంగా ఆస్తి పన్ను. ఇళ్ల విలువలు ఏళ్ల తరబడి సవరించలేదు, ఎన్నికల ముందు సవరించే ధైర్యం ఎవరికీ ఉండదు. జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలిందే మరమ్మతులకు. ముందుగా కోత పడేదీ అక్కడే, ఎందుకంటే వాల్వు బాగు చేస్తే శిలాఫలకం వేయరు.

ట్యాంకు వచ్చాక నీటి ఒత్తిడి పెరిగి ఆ లీకు ఇంకాస్త ఉధృతమైంది. దాంతో రోడ్డు పూర్తిగా దిగబడి చెత్త బండి ఇరుక్కుంటే, అప్పుడు వచ్చి మార్చారు. నిజానికి రోడ్డు మళ్లీ వేయడానికి అయిన డబ్బుతో అలాంటి వాల్వులు చాలానే మార్చవచ్చు.

బడ్జెట్ మీద అభిప్రాయాలు చెప్పే సమావేశానికి నాలుగేళ్లుగా వెళ్తున్నాను. కిందటిసారి కుర్చీలు యాభై వేస్తే, సిబ్బందిని తీసేస్తే మేం ఏడుగురం. ఈ ఏడాది పుస్తకంలో వాల్వుల మరమ్మతుకని విడిగా ఒక పద్దు కనిపించింది, చాలా చిన్న మొత్తం. మలుపులో కొత్త వాల్వు ఇప్పటికైతే పొడిగానే ఉంది. పలక మాత్రం ఇంకా వేయలేదు.