గుంటూరు జిల్లాలో ఒక సర్కారీ నవజాత శిశువుల ఐసీయూ: ఎక్కడ బాగుంది, ఎక్కడ సరిచేయాలి

ఆసుపత్రి పేరు అక్కర్లేదు, ఇవే లోపాలు చాలాచోట్ల ఉంటాయి. బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు సరిపడా ఉన్నాయి. గుమ్మం పక్కనే సింకు, మోచేత్తో తిప్పే కుళాయి. నర్సులు ఎంత ఒత్తిడిలోనూ విసుక్కోవడం లేదు, అది నిజంగా మెచ్చుకోవాలి.

చిక్కంతా ఆక్సిజన్ దగ్గరే. బబుల్ సీప్యాప్ అంటే బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పరికరం. దాని గొట్టం నీళ్లలో 5 సెంటీమీటర్ల లోతున ఉంటేనే 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అందుతుంది. రాత్రి షిఫ్టులో నీటిమట్టం ఎవరూ చూడటం లేదు. బుడగలు ఆగితే ముందు ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు (ప్రాంగ్స్) వదులయ్యాయా, బిడ్డ నోరు తెరిచి ఉందా అని చూడాలి. ఇక్కడ నేరుగా గాలి ప్రవాహం (ఫ్లో) పెంచేస్తున్నారు.

గాలినీ ఆక్సిజన్‌నీ కావలసిన పాళ్లలో కలిపే బ్లెండర్ లేకపోవడం ఇంకా పెద్ద లోటు. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెట్టినప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 90–95 మధ్య ఉండాలి. మానిటర్‌లో 99 కనబడితే సిబ్బంది హమ్మయ్య అనుకుంటున్నారు గానీ, ఆ అదనపు ఆక్సిజనే కంటి వెనకపొర అయిన రెటీనాను దెబ్బతీస్తుంది. శాచురేషన్ ఎక్కువైతే మోగే అలారం హద్దును 95కి మార్చడానికి పైసా ఖర్చు లేదు. 2 కిలోల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన బిడ్డకి 4 వారాలకల్లా కంటి పరీక్ష జరగాలి. ఆ తేదీ డిశ్చార్జి కాగితం మీద ఉండాలి, నోటిమాట చాలదు.

బిడ్డ ఒంటి వేడిని కొలిచే వార్మర్ స్కిన్ ప్రోబ్ ఊడితే బిడ్డ చల్లబడిందనుకుని యంత్రం వేడి పెంచేస్తుంది. దాంతో బిడ్డ ఒళ్లు వేడెక్కితే, అది జ్వరమనుకుని అనవసరంగా యాంటీబయాటిక్స్ మొదలవుతాయి. ప్రోబ్ అతుక్కుని ఉందో లేదో గంటగంటకీ తడిమి చూడాలి.

తల్లుల్ని వరండాలో కూర్చోబెట్టడం మాత్రం ఒప్పుకోలేం. బిడ్డని తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి ఉంచే కంగారూ కేర్‌కి లోపల నాలుగు వాలుకుర్చీలు వేయడానికి చోటుంది.