నన్నారి వేర్లకు వెళ్లొచ్చు, పొడులకు వద్దు

తిరుపతి పాత ఊళ్లో ఉన్న నాటుమందుల అంగడి ఇది. వేర్లు, కాడలు, ఎండాకులు గోనెసంచుల్లో తెరిచిపెట్టి అమ్ముతారు. విరిచి, వాసన చూసి ఏరుకోనిస్తారు. మార్కులు వేయాల్సింది ముందు దానికే.

నన్నారి అడిగితే రెండు రకాలు చూపిస్తారు. సన్నగా, ముదురు గోధుమ తొక్కతో ఉండేది సుగంధిపాల. వేలంత లావున కండగా ఉండేవి శేషాచలం కొండల్లో దొరికే మారేడు గడ్డలు. మొక్కలు వేరు, వాసన మాత్రం ఒకటే, షర్బత్‌కు రెండూ పనికొస్తాయి. ఇక్కడి సుగంధిపాల బాగుంది: వంచితే టక్కున విరిగింది, తొక్క గోటితో గీరగానే వెనిల్లా లాంటి వాసన గుప్పుమంది. విరక్కుండా వంగిపోయే వేరు సరిగా ఎండనిది, డబ్బాలో పెడితే బూజు పడుతుంది.

షర్బత్ పానకానికి 100 గ్రాముల వేర్లు మట్టి పోయేదాకా కడిగి, రోట్లో నలగ్గొట్టి, నడిమి పుల్లలు తీసేయండి. వాసనంతా తొక్కలోనే, పుల్ల ఉత్త కట్టె. లీటరు వేణ్నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా నాననిచ్చి, తెల్లారి వడగట్టి, 2 కిలోల చక్కెర కలిపి సన్న సెగ మీద కరిగేదాకే ఉంచండి. గంటసేపు మరిగిస్తే ఘుమఘుమ వీధికి, తీపి నీళ్లు మీకు. తీపెక్కువని చక్కెర సగం తగ్గిస్తే బయట పెట్టిన సీసా నురగ కట్టి పులుస్తుంది. పానకం టీ డికాషన్ రంగులో ఉంటుంది. ఎర్రగా రాలేదని కంగారు పడొద్దు, బజారు సీసాల్లో తరచు రంగు కలుపుతారు.

షుగర్‌కు వాడే ఆకు పొడపత్రి దగ్గర అంగడి గుట్టు తెలుస్తుంది. రెండాకులు బాగా నమిలి, కాసేపాగి చిటికెడు చక్కెర వేసుకుంటే తీపి తెలియక నాలుక మీద ఇసుకలా ఉండాలి. సంచిలోని ఎండాకు నెగ్గింది. పక్కనే అమ్మే పొడి నాలుక మీద రుద్దుకున్నా తీపి తీపిగానే ఉంది, ప్యాకెట్ మీద తేదీ కూడా లేదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా పొడపత్రి జోలికి పోవద్దు, రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు.

అసలు ఫిర్యాదు తిప్పతీగ మీద. కట్టలో ఒళ్లంతా పులిపిర్ల లాంటి బొడిపెలున్న కాడలు కలిశాయి. అది దగ్గరి జాతే గానీ తిప్పతీగ కాదు, లివర్‌కు చేటు. కట్ట విప్పించి ఒక్కో కాడా చూడండి. లివర్ జబ్బున్నవాళ్లకు అసలైన తిప్పతీగ కూడా వద్దు.