రెజెక్సా, లూపా? పేర్ల మార్పిడికి ఏది నయం

కర్నూలు ఉల్లి యార్డులో ఒక కమీషన్ మండీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. జావాస్క్రిప్ట్ వైపు పేర్లన్నీ క్యామెల్ కేస్‌లో ఉంటాయి: ‘ఫార్మర్‌నేమ్’లో రెండో మాట పెద్ద ‘ఎన్’తో మొదలవుతుంది. పైథాన్ వైపు స్నేక్ కేస్: అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో అండర్‌స్కోర్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే కొటేషన్లు లేని పేర్లను ఎలాగూ చిన్నక్షరాల్లోకి దించేస్తుంది. క్యామెల్ నుంచి స్నేక్‌కి మార్పిడి తప్పదు.

రెజెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాను వెతికి మార్చే సూత్రంతో, ఒక్క లైన్‌లో పనైపోతుంది. పేరు మొదట్లో తప్ప పెద్దక్షరం కనబడ్డ చోటల్లా ముందు అండర్‌స్కోర్ పెట్టి, ఆఖర్న అంతా చిన్నది చేయడమే. ‘లాట్‌వెయిట్’ వరకూ బాగానే ఉంటుంది. ‘జీఎస్టీనంబర్’ వచ్చిందా, చిక్కొచ్చి పడుతుంది. మొదటి మూడూ పెద్దక్షరాలే కదా, జీ_ఎస్_టీ_నంబర్ అని ముక్కలు చేసి పెడుతుంది. వెనకా ముందూ ఉన్న అక్షరాలను కూడా చూసే లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ తగిలిస్తే ఫలితం సరిగ్గానే వస్తుంది గానీ, ఆర్నెల్ల తర్వాత ఆ లైన్ చదవాలంటే రాసినవాడికే బుర్ర తిరుగుతుంది.

అక్షరాలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే లూప్ కాస్త పొడుగు. కానీ నియమం చదవగానే అర్థమవుతుంది: పేరు మొదట్లో లేని పెద్దక్షరానికి ముందు చిన్నక్షరం గానీ అంకె గానీ ఉన్నా, తర్వాత చిన్నక్షరం ఉన్నా, అండర్‌స్కోర్ పెట్టాలి. ‘ఎన్’ తర్వాత చిన్న ‘యూ’ ఉంది కాబట్టి జీఎస్టీ చెక్కుచెదరకుండా జీఎస్టీ_నంబర్ వస్తుంది. వేగమంటారా, ఉన్నవే నాలుగు కాలమ్ పేర్లు, టెన్షన్ అక్కర్లేదు.

నా ఓటు లూప్‌కే. జీఎస్టీ లాంటి పొట్టి పేర్లు రావని ఖాయమైతే రెజెక్స్ చాలు. వెనక్కి మార్చేటప్పుడు మాత్రం రెండూ ఒకటే: చిన్నదైపోయిన జీఎస్టీ ఒకప్పుడు పెద్దక్షరాల్లో ఉండేదని ఏ కోడూ కనిపెట్టలేదు. అలాంటి వాటికి విడిగా జాబితా పెట్టుకోవాల్సిందే.