పాత .22 బోల్టు రైఫిల్‌ను స్కోపుతో కలిపి కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి రైఫిల్ షూటింగ్ నేర్చుకోవాలని, లేదా పిల్లలకు నేర్పించాలని, తక్కువ ధరలో దొరికే పాత .22 బోల్టు రైఫిల్ (సుమారు 0.22 అంగుళాల గొట్టం ఉండి, ప్రతి తూటాకూ బోల్టు అనే పిడిని చేత్తో వెనక్కి లాగి నెట్టే రైఫిల్) కోసం హైదరాబాద్ దుకాణాల చుట్టూ తిరుగుతున్నవారు ఇది చదివిన తర్వాతే డబ్బు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. మేము మోసపోయిన తీరు చాలా మామూలుది. అందుకే అది మరొకరికి కూడా జరుగుతుందని నా భయం.

మా అమ్మాయికి 23 ఏళ్లు. డిగ్రీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు .22 రైఫిల్‌తో 25 గజాల రేంజిలో కాల్చి, క్యాంపులో మంచి పేరు తెచ్చుకుంది. ఆ ఇష్టంతోనే క్రీడాకారుల కోటాలో లైసెన్సుకు దరఖాస్తు చేసుకుంది. పోలీసు విచారణ, కలెక్టరేటు చుట్టూ తిరగడం అన్నీ అయ్యి లైసెన్సు చేతికొచ్చిన రోజున మా ఇంట్లో పండుగ జరిగింది. ఒక కాపు బత్తాయి అమ్మిన డబ్బు పక్కన పెట్టి, ఇద్దరం కలిసి లైసెన్సున్న ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది.

అక్కడ మాకు చూపించింది విదేశీ తయారీ పాత బోల్టు రైఫిల్. కట్టెకు కొత్తగా పాలిష్ పెట్టారు, ఇనుము నల్లగా మెరుస్తోంది, పైన 3-9×40 స్కోపు (3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపే, 40 మిల్లీమీటర్ల ముందు అద్దమున్న గురి దుర్బిణి) బిగించి ఉంది. దుకాణదారు దాన్ని బల్ల మీద పెట్టి, వీధి చివర ఉన్న ఫ్లెక్సీ వైపు తిప్పి, మా అమ్మాయిని చూడమన్నాడు. అక్షరాలు చేతికందేంత దగ్గరగా, స్పష్టంగా కనిపించాయి. "సార్, అన్నీ ఫిట్ చేసి ఇస్తున్న, ఇగ మీరు పోయి కొట్టుడే. పోటీకి గూడ ఇదే పనికొస్తది" అన్నాడు. ఆ ఒక్క మాటలో రెండు అబద్ధాలు ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది.

మొదటి అబద్ధం పోటీ గురించి. అంతర్జాతీయ నియమాల ప్రకారం జరిగే 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో రైఫిల్ మీద టెలిస్కోపు బిగించి కాల్చనివ్వరు. అక్కడ ముందు ఒక సైటు, వెనుక సన్నని రంధ్రం ఉన్న సైటు మాత్రమే వాడాలి. రైఫిల్ ఎంత నమ్మకంగా కొడుతుందో పరీక్షించడానికి స్కోపు ఎంతో ఉపయోగపడుతుంది, సరదా సాధనకూ పనికొస్తుంది, కానీ పోటీ కోసం కొనేవారు స్కోపుకు పెట్టే డబ్బును మంచి వెనుక సైటుకు పెట్టుకోవాలి. ఈ మాట కొనేముందే ఒక కోచ్‌ను అడిగి ఉంటే మాకు తెలిసేది.

రెండో అబద్ధం "ఫిట్ చేసి" అన్న మాటలో ఉంది. దాన్ని పూర్తిగా తెలుసుకోవడానికి మాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

మొదటి ఆదివారం షూటింగ్ రేంజిలో 50 మీటర్ల దూరాన కాగితం పెట్టి, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి ఐదు తూటాలు కాల్చితే, రంధ్రాలు దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పున చెల్లాచెదురుగా పడ్డాయి. 50 మీటర్ల టార్గెట్ కాగితం మీద పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమేనని తెలిసినవారికి ఈ 6 సెంటీమీటర్లు ఎంత ఘోరమో అర్థమవుతుంది. తూటా బాగోలేదేమో అనుకుని కంపెనీ మార్చాం, మళ్లీ మార్చాం. ప్రతి గొట్టం తనకు నచ్చిన తూటాతోనే బాగా కొడుతుందన్నది నిజమే కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కాని లైసెన్సు మీద కొనగలిగే తూటాలకు పరిమితి ఉంటుంది. పరీక్షలకు ఖర్చు చేసిన ప్రతి తూటా సాధనకు దూరమైన తూటాయే. ప్రతి వారం నల్లగొండ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు వెళ్లి, అవే చెల్లాచెదురు రంధ్రాలున్న కాగితం పట్టుకుని తిరిగి వచ్చేవాళ్లం.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది ఒక రాత్రి బస్సులో జరిగిన మాట. చౌటుప్పల్ దాటాక, ఆ కాగితాన్ని మడతలు విప్పి చూస్తూ, "రైఫిల్ మంచిదే నాయినా, నా చెయ్యే మంచిగ లేనట్టుంది" అంది మా అమ్మాయి. సరిగా లేని వస్తువును అమ్మినవాడు పట్టపగలు నిశ్చింతగా దుకాణంలో కూర్చుంటే, కష్టపడి నేర్చుకునే పిల్ల తప్పు తనదేనని నమ్మింది. ఈ హెచ్చరిక రాయడానికి నాకు అసలు కారణం ఆ మాటే.

నాలుగో వారం రేంజిలోని ఒక పెద్దాయన మా అవస్థ గమనించి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా అమర్చి, చేయి తగలకుండా స్కోపులో నుంచి చూస్తూ తలను మెల్లగా పైకీ కిందికీ, పక్కలకూ జరపమన్నారు. నేను కూడా చూశాను. రైఫిల్ కదలలేదు, కాగితం కదలలేదు, కాని లోపలి అడ్డగీత, నిలువుగీత మాత్రం నల్లని గురి మచ్చ మీద ఈదుతున్నట్టు అటూ ఇటూ జరిగాయి. దీన్నే పారలాక్స్ అంటారు. ఆ స్కోపును పెద్ద తుపాకుల కోసం 100 గజాల దూరానికి సరిచేసి తయారుచేశారు. .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే చిన్న తూటా) కోసం చేసే స్కోపులను సాధారణంగా 50, 60 గజాలకు సరిచేస్తారు. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉండి 100 గజాలకు సరిచేసిన స్కోపుతో 50 మీటర్ల దూరంలో కాల్చినప్పుడు, కన్ను అద్దం అంచు వైపు జరిగితే గురి సుమారు 9 మిల్లీమీటర్ల వరకు తప్పవచ్చు. అంటే కాల్చేవారి తప్పు ఏమీ లేకుండానే దాదాపు పది మార్కుల వలయమంత తేడా వస్తుంది. వీధి చివరి ఫ్లెక్సీ స్పష్టంగా కనిపించడానికీ, 50 మీటర్ల దూరంలో గురి నిలవడానికీ సంబంధమే లేదు. దయచేసి దుకాణంలో ఫ్లెక్సీలు చూసి మురిసిపోకండి. మీరు కాల్చబోయే దూరంలో ఒక గుర్తు పెట్టించి, తల జరిపి చూడండి. దూరాన్ని బట్టి పారలాక్స్ సరిచేసుకునే చక్రం ఉన్న స్కోపు అయితే ఈ బాధ తప్పుతుంది.

అయినా 9 మిల్లీమీటర్లతో 6 సెంటీమీటర్ల లెక్క తేలదు కాబట్టి, ఆయన స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు మరలు విప్పించారు. మా రైఫిల్ పైభాగంలో 11 మిల్లీమీటర్ల సన్నని గాడి ఉంది. దాని మీద బిగించిన రింగులు సుమారు 21 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాకు చేసినవి. అవి పట్టు దొరక్క జారిపోకుండా దుకాణంలో ఎవరో సన్నని రేకు ముక్కను కత్తెరతో కత్తిరించి, రెండుగా మడిచి, రింగు దవడ కింద దూర్చారు. రేకు మీద ఎరుపు రంగు అచ్చు ఇంకా అలాగే ఉంది, ఒక అంచున రైఫిల్ ఇనుము రాసుకుని వెండిలా మెరుస్తున్న గీత పడింది. ప్రతి తూటాకూ ఆ రేకు వెంట్రుకవాసి జరుగుతూ ఉందన్నమాట. వెనుక రింగు ఎత్తు కూడా ముందుదానికంటే తేడాగా ఉండడం వల్ల స్కోపు వంకరగా కూర్చుంది. గురిని పైకీ కిందికీ జరిపే పై చక్రం తిప్పుతూ పోతే కొంత దూరానికి ఆగిపోయి, ఇంకా కావలసినంత పైకి గురి రాకపోవడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది.

సరైన 11 మిల్లీమీటర్ల రింగులు వేరేచోట కొని బిగించాక, ఆయన మాకు గురి కుదర్చడం మొదటి నుంచి నేర్పించారు. బోల్టు రైఫిల్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, తూటా లేదని నిర్ధారించుకుని బోల్టును పూర్తిగా వెనక్కి లాగి తీసివేస్తే, గొట్టంలో నుంచి నేరుగా చూడవచ్చు. 25 మీటర్ల దూరంలోని గురి మచ్చ గొట్టం మధ్యలో గుండ్రంగా కనిపించేలా రైఫిల్ అమర్చి, కదపకుండా స్కోపు గీతలను అదే మచ్చ మీదికి తెస్తే, మొదటి తూటా కాగితం మీదే పడుతుంది. ఆ తర్వాత 50 మీటర్లకు వెళ్లాలి. మామూలు స్కోపులో చక్రం ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం), అంటే 50 మీటర్ల దగ్గర సుమారు 3.6 మిల్లీమీటర్లు. తూటా రంధ్రాల గుంపు 8 సెంటీమీటర్లు కిందికి పడితే 22 క్లిక్కులు పైకి తిప్పాలి. ఒక్క తూటాను చూసి తిప్పవద్దు, ఐదు కాల్చి వాటి మధ్య భాగాన్ని చూసి తిప్పండి. స్కోపు నిజాయితీని పరీక్షించడానికి 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ఒక్కో మూలలో కాల్చాలి. దాదాపు 7 సెంటీమీటర్ల చతురస్రం ఏర్పడి, చివరి తూటా మొదటిదాని దగ్గరికి రావాలి. మా స్కోపు తిరిగి రాలేదు.

అప్పుడు స్కోపును పూర్తిగా తీసేసి, రైఫిల్‌కున్న సొంత సైట్లతోనే కాల్చి చూశాం. గుంపు చిన్నదైంది కాని ఇంకా మూడు, మూడున్నర సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన భూతద్దంతో గొట్టం మూతిని పరిశీలించి నాకు చూపించారు. మూతి అంచు చుట్టూ సమానంగా ఉండవలసింది, ఒక పక్కన గోటితో గీకినట్టు అరిగిపోయి ఉంది. తూటా గొట్టాన్ని విడిచే చివరి క్షణంలో వెనుక నుంచి వచ్చే గాలి చుట్టూ సమానంగా బయటపడాలి. అంచు ఒక పక్క అరిగితే గాలి ఆ పక్కనే ముందుగా దూసుకొచ్చి తూటాను తోసేస్తుంది. పాత యజమాని శుభ్రంచేసే ఇనుప కడ్డీని మూతి వైపు నుంచి గుచ్చి గుచ్చి ఇలా చేసి ఉంటాడు. బోల్టు తీసి వెనుక నుంచి శుభ్రం చేసుకునే వీలున్న రైఫిల్‌కు ఇంతటి అన్యాయం జరగవలసిన పని లేదు.

ఇంకో లోపం అప్పుడప్పుడూ తూటా పేలకపోవడం. రిమ్‌ఫైర్ తూటాలో మండే మందు అడుగు అంచులోనే ఉంటుంది, ఫైరింగ్ పిన్ను ఆ అంచును బలంగా నలిపితేనే పేలుతుంది. తూటా లేకుండా పదేపదే ట్రిగ్గరు నొక్కితే చాలా .22 రైఫిళ్లలో పిన్ను నేరుగా ఛాంబరు (గొట్టం వెనుక తూటా కూర్చునే అర) అంచును కొట్టి, అక్కడ గుంట పడుతుంది. మా రైఫిల్‌లో ఆ గుంట కంటికి కనిపిస్తుంది. కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు కూడా దానికి పట్టుకుని సరిగా బయటికి రావడం లేదు. దుకాణదారు మా ముందే "ట్రిగ్గరు ఎంత మెత్తగున్నదో సూడుండ్రి" అంటూ ఖాళీ రైఫిల్‌ను నాలుగైదుసార్లు టిక్కు టిక్కుమనిపించిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. మీ ముందు ఎవరైనా అలా చేస్తే వెంటనే ఆపండి. గొట్టం మీద ఏ తూటాకు తయారైందో చెక్కి ఉన్న అక్షరాలు కూడా చదవండి. లాంగ్ రైఫిల్, మాగ్నమ్ అనే రెండు రకాల తూటాలనూ .22 అనే పిలుస్తారు కాని ఒకటి మరొకదాని బదులు వాడేది కాదు.

రైఫిల్ తీసుకుని దుకాణానికి వెళ్తే, "వాడిన తుపాకికి గ్యారంటీ ఉండదు సార్, స్కోపు మీరు విప్పినంక మాకు సంబంధం లేదు" అని చేతులు దులుపుకున్నాడు. చీర నచ్చలేదని తిరిగి ఇచ్చినట్టు తుపాకిని తిరిగి ఇవ్వలేమని గుర్తుంచుకోండి. దాని నంబరు లైసెన్సు మీద ఎక్కుతుంది. లైసెన్సున్న మరో వ్యక్తికి సొంతంగా అమ్మాలన్నా, ఆయుధాల చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత సాధారణంగా ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి కాబట్టి, పనికిరాని రైఫిల్ ఒకటి ఉంటే అది సగం అవకాశాన్ని తినేసినట్టే. మూతి అరిగిందని ఊళ్లో లేతు మిషను దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం అదే చట్టంలోని 6వ సెక్షను కింద నేరం. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికే, కాగితాలతో వెళ్లాలి. ఇక ఫోనులో ఫొటోలు పెట్టి "లైసెన్సు అక్కర్లేని .22" అని అమ్మజూపేవారిని అసలు నమ్మకండి. గాలి తుపాకి వేరు, మందు తూటా పేల్చే రిమ్‌ఫైర్ వేరు. రెండోది ఎంత చిన్నదైనా, ఎంత చవకైనా లైసెన్సు లేకుండా చేతిలో ఉంటే జైలే.

మా బిల్లు మీద "రైఫిల్, టెలిస్కోపుతో సహా" అని ఒకే వరుస, ఒకే ధర ఉంది. స్కోపు విలువ ఎంతో ఎక్కడా లేదు కాబట్టి ఏ లోపానికి ఎంత అడగాలో తేల్చడం కష్టమైంది. మీరు కొనేటప్పుడు రెండింటి ధరలూ వేర్వేరుగా రాయించండి. గొట్టం, ఛాంబరు ఏ స్థితిలో ఉన్నాయో కూడా బిల్లు మీదే రాయమని అడగండి. రాయడానికి వెనకాడితే అక్కడి నుంచి వచ్చేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన వస్తువులకు ఫిర్యాదు రుసుము లేదు. మా అమ్మాయి తన పేరనే నల్లగొండలో ఫిర్యాదు వేసింది. 50 మీటర్ల కాగితాలన్నీ తేదీలు వేసి జతచేసింది. ఎరుపు అచ్చున్న ఆ రేకు ముక్కను పారదర్శకమైన కవరులో పెట్టి, వాటితోపాటే కుట్టి ఇచ్చింది.