వాలరెంట్ ఆడటానికి 50 వేల ల్యాప్‌టాప్: గ్రాఫిక్స్ కార్డున్నదా, లేనిదా, సెకండ్ హ్యాండా? ఏది మేలు?

మా మేనల్లుడికి ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో సీఎస్‌ఈ సీటు వచ్చింది. అక్క ఫోన్ చేసి, "వాడికి ల్యాప్‌టాప్ కొనాలట. యాభై వేల దాకా పెడతాం, చదువుకి పనికొచ్చేది నువ్వే చూసి పెట్టు" అంది. పది నిమిషాల్లో వాడి ఫోన్. "మామయ్యా, అందులో వాలరెంట్ నడవాలి. మధ్యలో లాగ్ రాకూడదు." ఇంటర్ రెండేళ్లూ వాడు ఆటల జోలికి వెళ్లలేదు. అందుకని ఇద్దరి మాటా నిలబెట్టాలనుకున్నాను. రెండు వారాలు ఆన్‌లైన్‌లో వెతికాను, ఒక శనివారమంతా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తిరిగాను. చివరికి మా ముందు మూడు దారులు మిగిలాయి. గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మల్ని గీసే విడి చిప్) లేని కొత్త ల్యాప్‌టాప్, కార్డున్న చిన్న గేమింగ్ ల్యాప్‌టాప్, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్.

ముందు ఆట ఏం అడుగుతుందో చూద్దాం. వాలరెంట్ అంటే ఐదుగురు చొప్పున రెండు జట్లు ఆన్‌లైన్‌లో ఆడే షూటింగ్ ఆట. 2020 జూన్‌లో వచ్చింది, ఉచితంగా ఆడుకోవచ్చు. మామూలు కంప్యూటర్లలో కూడా నడవాలనే రయట్ గేమ్స్ వాళ్లు దీన్ని తయారు చేశారు. సెకనుకు 30 ఫ్రేములకు (తెర మీద మారే బొమ్మలకు) ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ చాలని, 60 ఫ్రేములకు జీటీ 730 లాంటి చిన్న కార్డు, 144 దాటాలంటే జీటీఎక్స్ 1050 టీఐ కావాలని వాళ్లు చెప్పిన లెక్క. హెచ్‌డీ 4000 అంటే 2012 నాటి ల్యాప్‌టాప్‌లలో ఉండేది. ఇది చదివి ఏదైనా సరిపోతుందిలే అనుకుంటే మోసపోతాం. ప్రాక్టీస్ రేంజ్‌లో ఒంటరిగా నిలబడితే ఏ ల్యాప్‌టాప్ అయినా బాగానే నడుస్తుంది. ఐదుగురూ ఒకేసారి సైట్‌లోకి (బాంబు పెట్టే చోటికి) దూరి, చూపును కప్పేసే రెండు స్మోకులు పడి, పైన కళ్లు మూసుకుపోయే ఒక ఫ్లాష్ పేలినప్పుడు ఫ్రేములు ఎంతకు పడిపోతాయన్నదే అసలు పరీక్ష. సగటున 100 వస్తూ ఆ క్షణంలో 40కి జారిపోయే మెషీన్ కంటే, ఎప్పుడూ 75 దగ్గర నిలకడగా ఉండేదే నయం. 2025లో ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను అన్‌రియల్ ఇంజిన్ 5కి మార్చారు కాబట్టి అంతకు ముందు తీసిన యూట్యూబ్ టెస్టుల్ని పూర్తిగా నమ్మకండి.

ఇంకో సంగతి, సెట్టింగులన్నీ లో పెట్టి ఆడితే ఈ ఆట బరువు గ్రాఫిక్స్ కంటే ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు పనికొస్తుంది.

ఆటలో మోసం చేసేవాళ్లను పట్టే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ కూడా ఉంది. విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో లేకపోతే వ్యాన్ 9001 అనే ఎర్రర్ చూపించి ఆట తెరవదు. లినక్స్‌లో, మ్యాక్‌లో వాలరెంట్ అసలు లేదు. కాబట్టి ఎవరైనా పాత మ్యాక్‌బుక్ చవగ్గా ఇస్తామన్నా మనకు అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మనసు ముందు అటే లాగుతుంది. సీటీసీలో 20 వేల చుట్టూ లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు వరసగా పేర్చి ఉంటాయి. గట్టి బాడీ, మంచి కీబోర్డు. అక్క చెప్పిన బడ్జెట్‌లో సగం కూడా అవ్వదు. వీటిలో ఆట నడుస్తుందా అంటే నడుస్తుంది. థింక్‌ప్యాడ్ టీ480 లాంటి దాంట్లో యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్ ఉంటుంది, ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉంటాయి. రెండింట్లోనూ స్టిక్కులు (ర్యామ్ పలకలు) వేస్తే లో సెట్టింగులలో 60 చుట్టూ తిరుగుతుంది. స్మోకుల్లో పడిపోతుంది.

కానీ గీత ఎక్కడ గీయాలో తెలియాలి. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ల కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంటే ఆరో తరం, ఏడో తరం ఐ5 ఎంత తక్కువకు వచ్చినా వదిలేయాలి. నేను చూసినవాటిలో ఒకటి ఎనిమిదో తరమే, పైకి కొత్తదానిలా మెరుస్తోంది. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు, అంటే బయాస్‌లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగింది. పాత కంపెనీ వాళ్లు పెట్టి వదిలేశారట. షాపు కుర్రాడు "దానితో పనేముంది సార్, విండోస్ వస్తోందిగా" అన్నాడు. ఉంది పని. సెక్యూర్ బూట్ ఆన్ చేయాల్సింది అక్కడే. ఇంకోదాంట్లో విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో ఎక్కించారు, అలా ఎక్కిస్తే సెక్యూర్ బూట్ పనిచేయదు. దాన్ని మార్చుకోవచ్చు, కానీ కొన్న రోజే ఆ పని చేసుకునే ఓపిక ఉండాలి. టచ్‌ప్యాడ్ ఒకవైపు కాస్త పైకి లేచినట్టుంటే కింద బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించండి. ఆ రోజు అలాంటిది కూడా ఒకటి చేతికొచ్చింది.

ఆఫీసు ల్యాప్‌టాప్ కాక సెకండ్ హ్యాండ్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కూడా 35, 40 వేలకు దొరుకుతాయి. వాటికి నేను దూరంగానే ఉంటాను. మూడు నాలుగేళ్లు వేడిలో మగ్గిన బోర్డు ఎన్నాళ్లుంటుందో బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక కార్డు లేని కొత్త ల్యాప్‌టాప్. మన బడ్జెట్‌లో ఎక్కువ మంది కొనేది ఇదే, ఎక్కువ మంది పొరపాటు చేసేదీ ఇక్కడే. పేర్లు అంతలా కలిసిపోతాయి. ఏఎండీ ప్రాసెసర్లే చూడండి, రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. రెండింటి మీదా రైజెన్ 5 స్టిక్కరే ఉంటుంది, అంకెలో తేడా పది. లోపల పోలికే లేదు. 7520యూలో లెక్కలు చేసే కోర్లు నాలుగు, అవి కూడా పాత జెన్ 2 తరానివి, గ్రాఫిక్స్‌లో రెండే యూనిట్లు. 7530యూలో జెన్ 3 కోర్లు ఆరు, గ్రాఫిక్స్ యూనిట్లు ఏడు. ఈ 7000 వరసలో మూడో అంకె చూస్తే కోర్లు ఏ తరానివో తెలిసిపోతుంది, 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3. ఒక సైట్‌లో 7520యూ ల్యాప్‌టాప్‌ను గేమింగ్‌కు అనువైనదని పెట్టి అమ్మడం చూసి నిజంగా కోపం వచ్చింది. అమ్మానాన్నలు దాచుకున్న డబ్బుతో కొనే పిల్లలకు ఆ ఒక్క అంకె ఎవరు చెప్తారు?

ఇంటెల్‌లో అయితే ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ఐ5 1235యూ లాంటివి చూడొచ్చు. అక్కడా ఒక మెలిక ఉంది. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే అదే చిప్ ఐరిస్ ఎక్స్ఈ అని కాకుండా ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది, ఆ మేరకు నెమ్మదిస్తుంది.

ఈ ర్యామ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారమంతటిలో నాకు దొరికిన అసలు విషయం ఇదే. విడిగా కార్డు ఉంటే దానికి సొంత మెమరీ ఉంటుంది. కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే కుళాయి దగ్గర బిందె పెట్టినట్టు. ఒక్క స్టిక్ ఉంటే ఒకటే దారి, రెండు స్టిక్కులుంటే రెండు దారులు. కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి చాలా మోడళ్లలో 8 జీబీ స్టిక్ ఒక్కటే వేసి, రెండో స్లాట్ ఖాళీగా వదిలేస్తాయి.

మా పక్కింటి అబ్బాయి దగ్గర 7530యూ ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ఒక్క స్టిక్‌తో. వాడి దాంట్లోనే చూశాను. 1080పీలో అన్నీ లో పెట్టి ఆడితే 80 దగ్గర ఊగుతోంది, స్మోకులోకి అడుగుపెట్టగానే 50కి వస్తోంది. సరిగ్గా అక్కడే మౌస్ బరువెక్కినట్టు అనిపిస్తుంది, గురి దాటిపోతుంది. వెనక మూత స్క్రూలు తీసి, అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ స్టిక్‌ను ఖాళీ స్లాట్‌లో ఏటవాలుగా పెట్టి కిందికి నొక్కాం. రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకున్నాయి. మళ్లీ ఆడితే 120 దాకా వెళ్లింది, స్మోకులో 85 దగ్గర ఆగింది. అదే ప్రాసెసర్, అవే సెట్టింగులు. పక్కింటి అబ్బాయి మొహం చూడాలి.

అందుకే కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ర్యామ్ స్లాట్లు ఎన్ని, బోర్డుకే అతికించినది ఎంత? 7520యూ ల్యాప్‌టాప్‌లలో మొత్తం బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారే ఉండదు. షాపులో డెమో పీస్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. స్లాట్లు రెండింటిలో ఒకటి వాడుతోందని అక్కడే రాసి ఉంటుంది.

కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ విషయానికొస్తే, మామూలు రోజుల్లో 50 వేలకు అందదు. పండగ సేల్‌లో, బ్యాంకు కార్డు తగ్గింపు కలుపుకుని ఆర్‌టీఎక్స్ 2050 ఉన్నవి ఆ దరిదాపుల్లోకి వస్తాయి, 3050 ఉన్నవి ఇంకాస్త పైన ఉంటాయి. 2050, 4 జీబీ 3050 కార్డులు రెండింటిలో కోర్లు సమానమే అయినా 2050కి మెమరీ దారి సగమే, 64 బిట్. పెద్ద ఆటల్లో ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. వాలరెంట్‌కు మాత్రం 2050 కూడా ఎక్కువే. ఇక్కడ ఫ్రేములు పెరిగేది కార్డు ఒక్కదాని వల్లే కాదు, దానితో పాటు వచ్చే, ఎక్కువ బలమున్న హెచ్ సిరీస్ ప్రాసెసర్ వల్ల కూడా. పైన చెప్పాను కదా, బరువు ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుందని.

నాకు మాత్రం దీనిలో అన్నిటికంటే నచ్చింది స్క్రీన్. కార్డు లేనివాటిలో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు చూపే) స్క్రీనే ఎక్కువ, వీటిలో 144 హెర్ట్జ్ వస్తుంది. 60లో ఒక్కో బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 7. మూల నుంచి శత్రువు తొంగి చూసి మళ్లీ దాక్కునే ఆటలో ఇది కంటికి తెలిసే తేడా. కాకపోతే చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌ల స్క్రీన్లు వెలిసిపోయిన రంగులతో ఉంటాయి. అలాంటిదాంట్లో శత్రువు చుట్టూ కనిపించే ఎర్ర గీతను సెట్టింగులలో పసుపుకు మార్చుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇబ్బందులూ తక్కువేమీ కావు. రెండు కేజీల పైన ల్యాప్‌టాప్, ఇటుకంత ఛార్జర్, రోజూ కాలేజీ బస్సులో మోయాలి. ఛార్జర్ తీస్తే కార్డు బలం బాగా పడిపోతుంది, బ్యాటరీ కూడా క్లాసులకు చాలదు. కరెంటు పోయే ఊళ్లో ఉంటే మ్యాచ్ మధ్యలో ఇది పెద్ద టెన్షన్. వేడి సంగతి సరేసరి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టుకుని ఆడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గట్టి బల్ల మీద, వెనక భాగం కాస్త ఎత్తుగా పెట్టుకుని ఆడటం అలవాటు చేయాలి.

మరి ఏది మేలు? బడ్జెట్ 25 వేలు దాటలేని ఇంట్లో నేను కొత్తదాని వైపు చూడను. ఆ ధరకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌ల కంటే ఎనిమిదో తరం థింక్‌ప్యాడ్, రెండు స్టిక్కుల ర్యామ్‌తో, బయాస్ తెరిచి చూసుకుని కొన్నది మెరుగు. 45, 50 వేల మధ్య అయితే 7530యూ స్థాయి ప్రాసెసర్, రెండు స్లాట్లు, వాటిలో రెండు స్టిక్కులు. ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే నా ఓటు దీనికే. ఇంకో ఎనిమిది పది వేలు కలపగలిగితే, జీటీఏ 5 లాంటివి కూడా ఆడాలనుంటే, లేదా మెకానికల్, సివిల్‌లో త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడాల్సి వస్తే కార్డున్నది తీసుకోండి. హాస్టల్ కాకుండా ఇంట్లోనే ఉండి చదివేవాళ్లు అదే డబ్బుతో డెస్క్‌టాప్ కట్టించుకుంటే ఈ మూడింటినీ మించిపోతుంది, అది వేరే కథ.

మావాడికి 7530యూ తీసుకున్నాం. 8 జీబీ స్టిక్ విడిగా కొని వేయించాం, మొత్తం 50 వేల లోపే అయింది. ఒకటిన్నర కేజీ చిల్లర బరువు, క్లాసులకు ఛార్జర్ లేకుండా తీసుకెళ్తున్నాడు. అక్క కూడా "బరువు లేదు, బాగుంది" అంది.

మొదటి వారం మాత్రం "మామయ్యా, ఇంకా లాగ్ వస్తోంది" అని ఫోన్ చేశాడు. ఫ్రేములు చూడమంటే 110 అన్నాడు. పింగ్, అంటే సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, చూడమంటే 30 నుంచి 140కి ఎగురుతోంది. సర్వర్ ముంబైలోదే ఎంచుకున్నాడు, అది సరిగ్గానే ఉంది. వైఫై రౌటర్ హాల్లో, వాడి గది రెండు గోడల అవతల. సన్నటి ల్యాప్‌టాప్ కావడంతో ఇంటర్నెట్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు మార్చే అడాప్టర్ ఒకటి, పది మీటర్ల కేబుల్ ఒకటి తెచ్చి, తలుపు గట్టు వెంబడి లాగి మేకులు కొట్టాం. పింగ్ 28 దగ్గర కదలకుండా నిలబడింది.